బిడ్డ లగ్గానికి టైమ్‌షేర్ కానుకగా ఇద్దామనుకుంటున్నాం, ఇయ్యొచ్చా?

నల్లగొండ నాన్న
అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. మాఘంలో మా అమ్మాయి లగ్గం. అమ్మాయి, కాబోయే అల్లుడు ఇద్దరిదీ పట్నంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. బంగారం మాటలు అయిపోయినయి. బీరువా, మంచం, ఫ్రిజ్ కొందామంటే "మా ఫ్లాట్‌లో పెట్టే జాగ లేదు డాడీ" అని అమ్మాయే అనేసింది. ఇంకేదైనా గుర్తుండిపోయేది ఇయ్యాలని మా ఇంటావిడ పట్టుదల.

ఈ మధ్య ఒక మాల్‌లో లక్కీ డ్రా చీటీ నింపినం. "మీకు గిఫ్ట్ తగిలింది, భార్యాభర్తలిద్దరూ కలిసి రావాలి" అని ఫోన్ వచ్చింది. పోతే ఒక హోటల్ హాలులో సాయంత్రమంతా కూర్చోబెట్టారు. టైమ్‌షేర్ అంటే ముందే డబ్బు కట్టి వాళ్ళ రిసార్ట్‌లలో 25 ఏళ్ళ సభ్యత్వం తీసుకోవడమట. ఏటా ఏడు రాత్రులు, ఊటీ, కూర్గ్, మున్నార్, గోవా ఎక్కడికైనా పోవచ్చట. ధర 5 లక్షలు, దానిమీద 18 శాతం జీఎస్టీ. ఏటా మెయింటెనెన్స్ 18 వేలు, దానికీ జీఎస్టీ వేరే. "పిల్లల పేరు మీద తీసుకోండి సార్, 25 ఏళ్ళు మిమ్మల్ని తలుచుకుంటారు" అన్నాడు ఆ పిల్లగాడు. ఆ మాట మా ఇంటావిడకి బాగా నచ్చింది. నాకేమో టెన్షన్ పట్టుకుంది. కంపెనీ పేరు ————.

వాడినవాళ్ళు, ఇచ్చినవాళ్ళు, పుచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే జర చెప్పండి.

మోడరేటర్
కంపెనీ పేరు తీసేశాను. సొంత అనుభవాలు చెప్పేటప్పుడు సంస్థల పేర్లు, ఏజెంట్ల ఫోన్ నంబర్లు పెట్టొద్దు. చర్చ కొనసాగించండి.

పాలమూరు పోరగాడు
అంకుల్, ముందుగా కంగ్రాట్స్.

నాదీ సాఫ్ట్‌వేరే, లగ్గమై ఎక్కువ కాలం కాలేదు కాబట్టి చెప్తున్నా. ఏడు రాత్రులు ఒక్కసారిగా లీవ్ దొరకాలంటే మేనేజర్ ఇంట్లో కూడా లగ్గం ఉండాలి. మేం పోయేవన్నీ శుక్రవారం రాత్రి బయల్దేరి ఆదివారం రాత్రికి తిరిగొచ్చే టూర్లే. సోమశిలకు పోతాం, నల్లమలలో మల్లెలతీర్థం పోతాం, లేదంటే సాగర్. కొంచెం పైసలు జమైతే వియత్నామో, బాలియో. ఊటీ మా కాలేజ్ టూర్‌లోనే అయిపోయింది.

అయినా అమ్మాయిని అడిగారా?

నల్లగొండ నాన్న
> అయినా అమ్మాయిని అడిగారా?

సర్‌ప్రైజ్ ఇద్దామని అడగలేదు తమ్మీ.

మిర్యాలగూడ మేనత్త
మాకు ఇట్లాంటి సభ్యత్వం ఉంది అన్నగారూ, పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు తీసుకున్నాం. అందరూ తిడతారు కానీ నేను తిట్టను.

మాది రైస్ మిల్లు. అప్పట్లో సీజన్‌లో వడ్లు, సీజన్ అయిపోతే లెవీ (సర్కారుకి ఇయ్యాల్సిన బియ్యం), బ్యాంకు, మిషన్ రిపేర్లు. మా ఆయన మిల్లు వదిలి ఒక్క రోజు ఉండేవారు కాదు. సెలవంటే ఆయన లెక్కలో తిరుపతి, యాదగిరిగుట్ట అంతే. డబ్బు కట్టేశాక "కట్టినం కదా, పోకపోతే వేస్ట్" అని ఏటా కదిలారు. ఆ కదిలించడానికే ఆ డబ్బు అనుకుంటాను నేను. పిల్లలు కొడైకెనాల్ చూశారు, గోవా చూశారు. ఒకే గదిలో ఇరుక్కోకుండా హాలు, బెడ్‌రూమ్ విడిగా ఉంటాయి. చిన్న వంటగది కూడా ఉండేది. మొదట్లో సోనామసూరి బియ్యం, మామిడికాయ తొక్కు పట్టుకుపోయి వండుకునేదాన్ని. తర్వాత్తర్వాత రెస్టారెంట్‌లోనే తినాలన్నట్టు చేశారు, అది నాకు నచ్చలేదు. ముగ్గురు తిన్న బిల్లు చూస్తే కడుపు నిండిపోయేది.

ఒక్క మాట. మేం తీసుకున్నప్పుడు మాకు పిల్లలున్నారు, ఎండాకాలం సెలవులున్నాయి, ఎక్కడికి పోవాలో తెలుసు. కొత్తగా పెళ్ళైనవాళ్ళకి ఇవన్నీ ఇంకా తెలియవు కదా.

సీఏ సాగర్ రోడ్
మేనత్తగారి అనుభవాన్ని కాదనను. కానీ కానుక ఇచ్చే ముందు లెక్క చూడాలి కదా, నల్లగొండ నాన్నగారు చెప్పిన అంకెలతోనే చూద్దాం.

5 లక్షలు, దానిమీద 18 శాతం జీఎస్టీ 90 వేలు. చేతిలోంచి పోయేది 5,90,000. ఈ డబ్బుకి 7 శాతం వడ్డీ వస్తుందనుకోండి. అసలూ వడ్డీ కలిపి 25 ఏళ్ళలో సమంగా తీసుకుంటే ఏడాదికి దాదాపు 50,600 వస్తుంది. ఏటా మెయింటెనెన్స్ 18,000, జీఎస్టీ 3,240. రెండూ కలిపితే ఏడాదికి సుమారు 71,900. ఏడు రాత్రులకి పంచండి, ఒక్క రాత్రి 10,270 చిల్లర. ఇది గది అద్దె మాత్రమే. విమానం, ట్యాక్సీ, తిండి వేరే.

మెయింటెనెన్స్ 25 ఏళ్ళూ 18 వేలే ఉంటుందని నేను అనుకున్నాను, అది ఉండదు. ఒక ఏడాది పోకపోతే మిగతా ఏళ్ళ రాత్రుల ధర ఇంకా పెరుగుతుంది. వాడని రాత్రుల్ని తర్వాతి ఏడాదికి జరుపుకునే వీలు చాలా ప్లాన్లలో ఉంటుంది కానీ దానికీ ఒక హద్దు ఉంటుంది.

మిర్యాలగూడ మేనత్త
సీఏగారూ, డిసెంబర్ చివర గోవాలో మంచి రిసార్ట్‌లో 10 వేలకి గది చూపించండి, నేను కూడా వస్తాను 😀

సీఏ సాగర్ రోడ్
చూపించలేను మేడమ్, ఒప్పుకుంటున్నా. కానీ డిసెంబర్ చివర మీకు గది దొరికిందా అన్నది కదా ప్రశ్న.

మిర్యాలగూడ మేనత్త
రెండుసార్లు దొరికింది. చాలాసార్లు దొరకలేదు.

అచ్చంపేట మాస్టారు
ఆ విషయమే చెప్దామని వచ్చాను. ఐదు లక్షలు అనగానే ఏ సీజన్‌కి అని అడగాలి. క్లబ్ మహీంద్రా లాంటి టైమ్‌షేర్ కంపెనీల్లో పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అని నాలుగు రంగుల సీజన్లు ఉంటాయి. పర్పుల్ అంటే బాగా గిరాకీ ఉన్న రోజులు, బ్లూ అంటే ఎవరూ పోని రోజులు. ధర తక్కువ చెప్పారంటే కింది రంగు అయ్యుంటుంది. కింది రంగు వాళ్ళు పై రంగు రోజుల్లో బుక్ చేసుకోవాలంటే కుదరదు, లేదా ఎక్కువ రాత్రులు కోసేస్తారు. గది సైజుకీ ఇదే పద్ధతి. స్టూడియో, అంటే ఒకే గది, తీసుకుంటే రేపు పిల్లలు పుట్టాక ఇరుకవుతుంది.

మాలాంటి టీచర్లకి దసరా, సంక్రాంతి, ఎండాకాలం తప్ప సెలవుల్లేవు. దేశమంతా కదిలేదీ అప్పుడే. అందుకే నేను హాలులోంచి వాళ్ళిచ్చిన టీ మాత్రం తాగి లేచొచ్చాను.

ఇంకోటి, మొదటి ఏడాది కొత్త దంపతులకి సెలవులు అసలు మిగులుతాయా? ఆషాఢంలో పిల్ల పుట్టింటికి రావాలి. మొదటి బతుకమ్మ పుట్టింట్లోనే ఆడాలి. దసరాకి అల్లుణ్ణి పిలుస్తాం, సంక్రాంతికి మళ్ళీ పిలుస్తాం. ఒడిబియ్యం ఉంటుంది. రెండువైపులా చుట్టాల లగ్గాలుంటాయి. పిల్లల లీవులన్నీ మనమే తినేసి, చేతిలో ఏడు రాత్రుల కూపన్ పెట్టి పొమ్మంటే ఎప్పుడు పోవాలె?

పాలమూరు పోరగాడు
మాస్టారూ, ఈ పోస్ట్ ప్రింట్ తీసి మా అత్తగారింటికి పంపిస్తున్నా.

గద్వాల కోడలు
పుచ్చుకున్నవాళ్ళ తరఫున నేను చెప్తాను.

మాకు ఇదే కానుక వచ్చింది, మా అత్తామామలు ఇచ్చారు. మంచి మనసుతోనే ఇచ్చారు, అందులో అనుమానం లేదు. కాకపోతే సభ్యత్వం మామయ్య పేరు మీద ఉంది, మేం ఇద్దరం కుటుంబ సభ్యులం. బుక్ చేయాలంటే మామయ్య ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. ఓటీపీ అడగాలంటే ఎక్కడికి పోతున్నామో చెప్పాలి. చెప్తే, "అట్లనా, మేం కూడా కూర్గ్ చూడలేదు బిడ్డా" అంటారు. వద్దని ఎట్లంటాం? మొదటిసారి మా హనీమూన్‌కి ఇన్నోవా నిండా జనం. ఆడపడుచు వాళ్ళు, వాళ్ళ పిల్లలు కూడా. నేను రిసార్ట్‌లో పొద్దున్నే లేచి అందరికీ చాయ్ పెట్టాను.

తర్వాత మామయ్య "ఇక మీదే కదా" అని మెయింటెనెన్స్ బిల్లు మా ఆయనకి పంపడం మొదలుపెట్టారు. ఓటీపీ మాత్రం ఇంకా ఆయన ఫోన్‌కే వస్తుంది.

నా పుట్టింటి వాళ్ళు ఇచ్చిన గద్వాల చీరకి ఓటీపీ లేదు, ఏటా బిల్లు లేదు.

పాలమూరు పోరగాడు
"ఓటీపీ మాత్రం ఆయన ఫోన్‌కే" 😂😂 అక్కా, సారీ, నవ్వు ఆగలేదు.

గద్వాల కోడలు
నవ్వండి తమ్ముడూ, ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది.

వనపర్తి టు డాలస్
ఇక్కడ అమెరికాలో ఈ వ్యవహారం ఇంకా ముదిరింది. ఓర్లాండో, లాస్ వెగాస్‌లలో టూరిస్టుల్ని పట్టుకొని ఫ్రీ టికెట్లు, ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్ అని కూర్చోబెడతారు. మీ నల్లగొండ హాలు కథ లాంటిదే.

మా పక్కింటి ముసలి దంపతులు తమ టైమ్‌షేర్‌ని కొడుక్కి పెళ్ళి కానుకగా రాసిచ్చారు. ఇక్కడ చాలావరకు అది రిజిస్ట్రేషన్ అయిన ఆస్తి కింద ఉంటుంది, కొన్నింటికి గడువే లేదు. పేరు మారిన రోజు నుంచి మెయింటెనెన్స్ కొడుకు కోడలు కట్టాలి. పోయినా కట్టాలి, పోకపోయినా కట్టాలి. కట్టకపోతే వసూలు ఏజెన్సీ వస్తుంది, క్రెడిట్ స్కోర్ పడుతుంది. వాళ్ళకి అప్పుడే స్టూడెంట్ లోన్, కార్ లోన్ నడుస్తున్నాయి. అమ్ముదామని ఈబేలో పెడితే ఒక్క డాలర్‌కి కూడా తీసుకునేవాళ్ళు లేరు. "మేం విడిపిస్తాం, ముందు ఫీజు కట్టండి" అనే మోసగాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళతో జాగ్రత్త అని ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషనే హెచ్చరిస్తుంది.

ఫ్లోరిడాలో కొన్నవాళ్ళకి చట్టమే పది రోజుల గడువు ఇచ్చింది, ఆలోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. అమ్మానాన్నలు పోయాక టైమ్‌షేర్ వారసత్వంగా వస్తే పిల్లలు వద్దని రాసివ్వొచ్చు, ఫెడరల్ పన్ను చట్టం ప్రకారం దానికి సాధారణంగా తొమ్మిది నెలల గడువు. వారసత్వంగా వచ్చినదాన్ని వద్దనొచ్చు కానీ, పెళ్ళి పందిట్లో నవ్వుకుంటూ చేతిలో పెట్టినదాన్ని వద్దనేది ఎట్లా?

తెలివైనవాళ్ళు ఇక్కడ చేసేది వేరే. సభ్యత్వం తమ పేరు మీదే ఉంచుకుంటారు, బిల్లు తామే కడతారు. పిల్లలకి ఒక వారం గెస్ట్ పేరు మీద బుక్ చేసి ఇస్తారు. ఆ వారం కానుక అవుతుంది, అగ్రిమెంట్ పిల్లల దాకా రాదు.

నల్లగొండ నాన్న
ఇన్ని సంగతులు ఆ హాలులో ఒక్కరూ చెప్పలేదు. టోకెన్ కింద 10 వేలు కట్టమని రోజూ ఫోన్లు చేస్తున్నారు. "ఆదివారం లోపు కడితే డిస్కౌంట్, తర్వాత రేటు పెరుగుతుంది, టోకెన్ రిఫండబుల్" అంటున్నారు. ఈఎంఐ కూడా పెడతారట. మా ఇంటావిడ వైపు వాళ్ళ ఇంట్లో పోయినేడు అల్లుడికి కారు పెట్టారు. మనం ఏం పెడుతున్నామని అందరూ అడుగుతున్నారు, అసలు టెన్షన్ అక్కడ ఉంది.

దేవరకొండ వకీలు
రిఫండబుల్ అని ఫోన్‌లో చెప్తే సరిపోదు, మెయిల్‌లో రాసి పంపమనండి. రాయరు చూడండి. ఆదివారం రేటు సోమవారం కూడా ఉంటుంది, దాని గురించి బెంగ వద్దు.

మన దేశంలో టైమ్‌షేర్లకని ప్రత్యేక చట్టం లేదు. డాలస్ తమ్ముడు చెప్పిన ఫ్లోరిడా గడువు లాంటిది ఇక్కడ చట్టంలో దొరకదు. కొన్ని కంపెనీలు తమ నియమాల్లో పది రోజుల్లో రద్దు చేసుకోవచ్చని రాస్తాయి. మీ అగ్రిమెంట్‌లో ఆ వాక్యం ఉందో లేదో, ఏ రోజు నుంచి లెక్కపెడతారో కొనేముందే చదవాలి. హాలులో ఆ పిల్లగాడు చెప్పిన తీపి మాటలేవీ అగ్రిమెంట్‌లో ఉండవు. పైగా "నోటిమాటలకు కంపెనీ బాధ్యత లేదు" అని మన సంతకమే తీసుకుంటారు.

తేడా వస్తే వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఉంది. కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా, చెన్నైలో ఉన్నా, మీరు ఉండే ఊరి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, అంటే నల్లగొండలోనే కేసు వేయొచ్చు. మీరు కట్టినది 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే వింటుంది. 5 లక్షల దాకా ఫీజు లేదు, మీ 5.9 లక్షలకైతే 200 రూపాయలు. రెండేళ్ళలోపు వేయాలి. ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి చూడొచ్చు. కానీ కానుక ఇచ్చి, దానికోసం మళ్ళీ కమిషన్ చుట్టూ తిరగడం ఎవరికి కావాలి?

పెళ్ళి కానుక కాబట్టి ఇంకో విషయం. వరకట్న నిషేధ చట్టం 1961 కింద, అడగకుండా ఇచ్చిన కానుకలు తప్పు కాదు, కానీ వాటి జాబితా రాసి ఉంచాలి. ఏమిచ్చారు, సుమారు విలువెంత, ఇచ్చినవారెవరు, వాళ్ళకి చుట్టరికమేమిటి అని రాసి, అమ్మాయి అబ్బాయి ఇద్దరూ సంతకం చేయాలి. 1985 నాటి నియమాల్లో ఉంది ఇది. మన దగ్గర చదివింపుల పుస్తకం పెడతాం, వంద రూపాయలు చదివించినవాళ్ళ పేరు కూడా రాస్తాం. లక్షల కానుకకి మాత్రం కాగితం ఉండదు. ఏదిచ్చినా అమ్మాయి పేరు మీద ఇవ్వండి, జాబితాలో రాయించండి.

అచ్చంపేట మాస్టారు
వకీలుగారు మంచి మాట చెప్పారు. జంటగా ఇద్దరి పేరు మీద ఇస్తే?

దేవరకొండ వకీలు
ఇవ్వొచ్చు మాస్టారూ, కానీ సభ్యత్వం అంటే హక్కుతో పాటు బాకీ కూడా. ఎవరు కట్టాలి, ఎవరు వాడాలి అన్న పేచీ నేను చూశాను. శుభమా అని లగ్గం ముచ్చట్లో ఉన్నాం కాబట్టి అంతకంటే చెప్పను.

సూర్యాపేట ట్రావెల్స్
నాది ట్రావెల్స్ వ్యాపారం, అందుకని నా మాట కొంచెం తగ్గించి వినండి.

ఈ మధ్య తల్లిదండ్రులు చేస్తున్నది ఏమిటంటే, మా దగ్గర డబ్బు కట్టి "ఏడాదిలోపు ఎక్కడికంటే అక్కడికి పంపండి" అని రాయించుకుంటున్నారు. లక్ష, లక్షన్నర అలా. పిల్లలు తేదీలు, ఊరు వాళ్ళే చూసుకుంటారు. ఒక జంట కేరళ ఇల్లుపడవ అన్నారు. ఇంకో జంట ఏమీ వద్దు, సాగర్‌లో ఒక రాత్రి ఉండి శ్రీశైలం లాంచీ ఎక్కి పోతామన్నారు, మిగిలింది వాపసు అడిగారు. ఇచ్చాను, ఏం చేస్తాను. పాలమూరు వైపు వాళ్ళు సోమశిల నుంచి శ్రీశైలం లాంచీ అడుగుతారు. కృష్ణలో నీళ్ళు నిండుగా ఉన్నప్పుడే అది బాగుంటుంది, ఎండాకాలం అడిగితే నేనే వద్దంటాను.

సభ్యత్వమే కావాలనుకుంటే కొత్తది ఎందుకు? విసిగిపోయి అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు, కొన్న ధరలో చాలా తక్కువకి వస్తుంది. అయితే పేరు మార్పు ఫీజు ఎంత, పాత బకాయిలు ఉన్నాయా, ఇంకా ఎన్నేళ్ళు మిగిలింది, చేతులు మారితే ఏ సౌకర్యాలు పోతాయి అన్నది కంపెనీ నుంచి మెయిల్‌లో తెప్పించుకోకుండా పైసా ఇవ్వొద్దు. అంత తక్కువకి అమ్ముతున్నారంటే కొత్తది కొనేవాళ్ళు ఆలోచించుకోవాలి మరి.

మిర్యాలగూడ మేనత్త
ట్రావెల్స్ అన్నా, నన్నే అన్నట్టుంది 😀 నేను అమ్మను లెండి. పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి ఊళ్ళలో వాళ్ళున్నారు, ఈసారి వారం ఇంకా వాడలేదు. అంత మాత్రాన అమ్ముకోను.

సీఏ సాగర్ రోడ్
పన్ను గురించి ఎవరూ అడగలేదు కానీ ఎలాగూ వస్తుంది. పెళ్ళి సందర్భంగా వధూవరులకు వచ్చే కానుకలకి ఆదాయపు పన్ను లేదు, తల్లిదండ్రులు ఇచ్చేదానికైతే ఏ సందర్భంలోనైనా లేదు. కానీ ఒకే సందర్భానికి ఒకరి నుంచి 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. చెక్కో, ట్రాన్స్‌ఫరో చేయండి.

ఈఎంఐ మీద కొని కానుకగా ఇవ్వడం మాత్రం అస్సలు వద్దు. వాయిదాలన్నీ తీరేదాకా పేరు మార్చని కంపెనీలు ఉన్నాయి. మీరు రిటైరయ్యాక కూడా వాయిదాలు నడుస్తుంటే, కానుక మీద మీకూ పిల్లలకూ చెరో బిల్లు.

అదే 5,90,000 అమ్మాయి పేరున 7 శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి వడ్డీ 41,300. ఆ వడ్డీతో ఏటా ఒక టూర్, అసలు అసలుగానే ఉంటుంది. ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50 వేలు దాటకపోతే టీడీఎస్ (బ్యాంకే ముందుగా కోసే పన్ను) పట్టరు. వడ్డీ అమ్మాయి ఆదాయం కింద వస్తుంది, రిటర్న్‌లో చూపించాలి.

గద్వాల కోడలు
డిపాజిట్ బాండ్ పందిట్లో చూపిస్తే ఏం బాగుంటుంది సార్? ఆంటీ బాధ అదే కదా. కారు పక్కన నిలబడి ఫోటో దిగుతారు. బాండ్ పక్కన నిలబడి ఎవరు దిగుతారు? ఆ బాధని తేలిగ్గా తీసేయొద్దు.

పాలమూరు పోరగాడు
ఫ్లెక్సీ వేయిద్దాం అక్కా. "వధువుకి 5.9 లక్షల డిపాజిట్, వడ్డీ 7 శాతం", క్లాక్ టవర్ సెంటర్‌లో.

నల్లగొండ నాన్న
నవ్వులాట బాగుంది. నిన్న రాత్రి అమ్మాయికి ఫోన్ చేసి అడిగేసినం, సర్‌ప్రైజ్ పోతే పోయింది.

ముందు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "డాడీ, రెండేళ్ళలో ఆయనకి ఆన్‌సైట్, అంటే బయటి దేశంలో పని, వచ్చేటట్టుంది, అప్పుడు ఇది ఎవరు వాడాలి?" అన్నది. ఈ ముచ్చట వియ్యంకుల దగ్గర ఎప్పుడూ రాలేదు. మా ఇంటావిడకి అక్కడ కొంచెం గుబులు. పట్నంలోనే ఉంటారని సంబంధం చేసుకున్నది మరి.

అల్లుడు కూడా లైన్‌లోకి వచ్చాడు. "మామయ్యా, అంతగా ఇయ్యాలనిపిస్తే మీరు, అత్తయ్య మీ పేరు మీద తీసుకోండి, రిటైరయ్యాక తిరుగుతారు. మాకు కుదిరినప్పుడు మేం వస్తాం" అన్నాడు. మంచి పిల్లగాడే. మా ఇంటావిడ "మేమెక్కడ పోతం బాబూ, ఇంట్లో బర్రెలున్నయి" అన్నది.

సీఏ సాగర్ రోడ్
అల్లుడుగారు డాలస్ మిత్రుడు చెప్పినదే చెప్పారు. 50 దాటినవాళ్ళకి పదేళ్ళ ప్లాన్లు కూడా అమ్ముతారు, 25 ఏళ్ళది అక్కర్లేదు. అయితే లెక్క మళ్ళీ వేయాలి, బర్రెలతో సహా.

అచ్చంపేట మాస్టారు
బర్రెల్ని చూసే మనిషికి జీతం కూడా కలపండి.

వనపర్తి టు డాలస్
ఆన్‌సైట్ అంటే ఇక్కడికే వస్తారేమో. కొన్ని ఇండియా సభ్యత్వాలకి ఆర్‌సీఐ లాంటి ఎక్స్‌ఛేంజ్ ఉంటుంది, మీ వారం అక్కడ జమ చేసి వేరే దేశంలో గది తీసుకోవచ్చు. దానికి చందా, మార్పు ఫీజు వేరే కట్టాలి. ఆ ఒక్క మాట చెప్పి 25 ఏళ్ళది అమ్ముతారు, జాగ్రత్త.

నల్లగొండ నాన్న
అందరికీ ధన్యవాదాలు. ఏం చేద్దామనుకున్నామో చెప్తాను. టైమ్‌షేర్ తీసుకోవడం లేదు. హాలు పిల్లగాడికి చెప్పేసిన, అయినా ఇంకో నంబర్ నుంచి ఇంకో పిల్లగాడు చేస్తున్నాడు. 5 లక్షలు అమ్మాయి పేరు మీద డిపాజిట్, వకీలుగారు చెప్పినట్టు జాబితాలో రాయిస్తాం. మిగతా 90 వేలు (జీఎస్టీకి పోయేదే కదా) లగ్గమైన కొత్తలో వాళ్ళిద్దరే ఎక్కడికైనా పోయిరావడానికి. ఎక్కడికో వాళ్ళిష్టం, మేం అడగం. గద్వాల కోడలమ్మా, ఇన్నోవా బుక్ చేయం.

మా ఇంటావిడ మాత్రం పందిట్లో చూపించడానికి ఏదో ఒకటి ఉండాలంటోంది. పోచంపల్లిలో చేయించిన చీర ఒకటి చూస్తున్నం.

గద్వాల కోడలు
గద్వాల ఉండగా పోచంపల్లి ఏంటి బాబాయ్! మంచి మగ్గం పని చేసేవాళ్ళున్నారు మా దగ్గర, మాఘం అంటే ఇప్పుడే ఆర్డర్ ఇవ్వాలి.

మిర్యాలగూడ మేనత్త
అన్నగారూ, ఒక మాట. నా వారం ఊరికే పోతుంది. మార్చి లోపు కూర్గ్‌లో దొరికితే పిల్లల పేరు మీద గెస్ట్‌గా బుక్ చేస్తాను. గెస్ట్ ఫీజు ఎంతో కనుక్కొని చెప్తాను, అది మాత్రం వాళ్ళు కట్టుకుంటే చాలు. రెస్టారెంట్ బిల్లు చూసి భయపడొద్దని చెప్పండి.

నల్లగొండ నాన్న
అమ్మా, ఎంత మాట. అమ్మాయిని అడిగి చెప్తాను. లగ్గపత్రిక పంపాలి, అడ్రస్ మెసేజ్‌లో పెట్టండి.

సూర్యాపేట ట్రావెల్స్
కూర్గ్‌కి ట్యాక్సీ నేను చూస్తా. మైసూరు దాకా రైలు బెటర్, అక్కడి నుంచి కారు.

మోడరేటర్
గెస్ట్ వారాలు ఇచ్చిపుచ్చుకునే మాటలు, ట్యాక్సీ రేట్లు ప్రైవేట్ మెసేజ్‌లో చూసుకోండి. చీరల చర్చకి వేరే విభాగం ఉంది, పోచంపల్లి, గద్వాల పోటీ అక్కడ పెట్టుకోవచ్చు.